వాన వస్తే చచ్చిపోయే బ్యాటరీ

బోర్గిల్ తాళం తిప్పింది. పడవ ఇంజను కిక్కురుమనలేదు. మళ్ళీ తిప్పింది. లోపలెక్కడో టిక్కుమని ఒక చప్పుడు, అంతే. వంగి సీటు కింద చెక్కమూత ఎత్తి చూసింది. మెయిన్ స్విచ్చి మీది ఎర్ర పిడి 'ఆన్' వైపుకి తిరిగి ఉంది.

ఆవిడకి భయం వేసింది. బ్యాటరీ పోయినందుకు కాదు. బ్యాటరీ పోతే దుకాణం ఉంది, వారంటీ ఉంది, మోసుకెళ్ళడానికి ఒంట్లో సత్తువా ఉంది. ఆ పిడిని కిందటిసారి పడవ దిగేటప్పుడు తన చేత్తో తానే ఆపింది. ఆపినట్టు ఆ చేతికి గుర్తే. మరి ఇప్పుడెందుకు ఇటు తిరిగి ఉంది? మొదటిసారైతే ఏదో పొరపాటని సరిపెట్టుకోవచ్చు. ఇది మూడోసారి.

ఈ బోర్గిల్ ఎవరో ముందు చెప్పాలి. నార్వే పడమటి తీరంలో హెల్లెవిక్ అనే దీవి ఆవిడది. ఇప్పుడు వంతెన వచ్చింది గానీ, అంతకుముందు అవతలి గట్టుకి పోవాలంటే కార్లని మోసుకెళ్ళే పంటే దిక్కు. ఆ పంటు మీద టిక్కెట్లు కొట్టిన మనిషి బోర్గిల్. పెళ్ళైన ఏడు మొదలుపెట్టి, పంటు ఆగిపోయిన రోజు దాకా అదే ఉద్యోగం. ఎవరి కారు నంబరు ఏదో, ఎవరు శనివారం ఒంటరిగా వెళ్ళి సోమవారం జంటగా తిరిగొచ్చారో, ఎవరి పిల్లాడు ఏ మూల వాంతి చేసుకున్నాడో అంతా ఆవిడ తలలో ఉండేది. ఫలానా కారు ఎప్పుడు దాటిందని పోలీసులకి అనుమానం వస్తే నేరుగా బోర్గిల్‌కే ఫోను చేసేవాళ్ళు. అలాంటి తలకాయ. దాని మీద ఆవిడకి గర్వం కూడా ఉంది, ఉండదా మరి!

ఇన్ని తెలిసినా ఎవరి సంగతీ ఎవరి దగ్గరా ఎత్తేది కాదు. ఆ ఊళ్ళో మర్యాదంటే అదే. అడగందే అమ్మైనా పెట్టదని మనం అంటాం. హెల్లెవిక్‌లో అడగడమంటే నామోషీ, చెప్పడమంటే అంతకన్నా నామోషీ. మంచు పడితే పక్కింటివాడు మన గుమ్మం ముందు మంచు తీసేసి, మనం లేచేలోగా మాయమైపోతాడు. థాంక్స్ చెప్పబోతే ఏమిటి, ఎవరు, నేనా అని మొహం పక్కకి తిప్పుకుంటాడు. ఉపకారం చేసి నోరు మూసుకోవడమే అక్కడ పెద్దమనిషి తరహా.

ఆవిడ భర్త ఆర్విడ్ నాలుగేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. పోతూ పడవనీ, గొర్రెల్నీ వదిలిపెట్టాడు. గొర్రెలంటే పెంపుడు గొర్రెల్లా కొట్టంలో ఉండేవి కావు. సముద్రంలో దూరంగా ఉన్న ఒక రాతిలంక మీద ఏడాదంతా వాటి బతుకు అవే బతికే పొట్టి బూడిదరంగు గొర్రెలు. సగం ఆర్విడ్‌వి, సగం పక్కింటి మోన్స్‌వి. ఏటా ఆకురాలు కాలంలో పడవ మీద వెళ్ళి, ఆ ఏటి పిల్లల్ని పట్టి తేవాలి. తుఫాన్లు మొదలయ్యాయంటే ఇక లంక దగ్గరికి పడవ పోదు. ఇప్పుడు ఆ కాలమే వచ్చి నెత్తిన కూర్చుంది. గొర్రెలు లంక మీద, బోర్గిల్ రేవులో, బ్యాటరీ శవంలా మధ్యలో.

మొదటిసారి వసంతంలో పోయింది. అప్పటికి బ్యాటరీ కొని ఏడాది కూడా కాలేదు. పడవ సామాన్ల దుకాణం ఐలెర్ట్ మారు మాట్లాడకుండా వారంటీ కింద కొత్తది ఇచ్చాడు. పిడి ఆన్‌లో ఉన్న సంగతి ఆవిడ చెప్పలేదు. అతను అడగలేదు కదా! రెండోసారి వేసవి మధ్యలో. అప్పుడు దుకాణానికే పోలేదు. బ్యాటరీని చక్రాల బండిలో ఇంటికి లాక్కొచ్చి, వంటింట్లో చార్జరు పెట్టి, దాని మీద గుడ్డ కప్పింది. ఎవరైనా కిటికీలోంచి చూస్తారేమోనని. ఒంటరిగా ఉండే మనిషి తన వంటింట్లో తాను దొంగలా తిరగడం ఎంత ఖర్మ!

ఇంటికొచ్చి బెర్గెన్‌లో ఉండే అక్క సిన్నోవెకి ఫోను చేసింది. చెయ్యకపోయినా బాగుండేది.

"మళ్ళీ మర్చిపోయావా?" అంది సిన్నోవె.

"మర్చిపోలేదే. ఆపాను."

"ఆపితే ఆన్‌లో ఎలా ఉంటుందే, దానంతటది తిరిగిందా?"

"అదే నాకూ తెలియాలి."

సిన్నోవె గొంతు తగ్గించి, "అమ్మకి కూడా ఇలాగే కదా మొదలైంది," అంది.

అమ్మ సంగతి ఇద్దరూ ఎత్తరు. ఒక నవంబరులో అమ్మ పడవ నిండా ఎండుగడ్డి వేసుకుని తెడ్లేసుకుంటూ లంకకి పోయింది. ఆ ఏడు ముందే గొర్రెలన్నిటినీ అమ్మేశారు. లేని గొర్రెల్ని పేర్లు పెట్టి పిలుస్తూ రాళ్ళ మీద తిరుగుతుంటే చేపలవాళ్ళు చూసి తీసుకొచ్చారు. సముద్రం ఆ రోజు నిమ్మళంగా ఉంది కాబట్టి సరిపోయింది.

"నా తలే చెడిందని తేలితే పడవ మీ అబ్బాయికి ఇచ్చేస్తానే," అంది బోర్గిల్. "గొర్రెలు కూడా. నేను అమ్మలాగా సముద్రం మీదికి పోను. గురువారం డాక్టరు దగ్గర టైము కూడా తీసుకున్నాను. మతిమరుపు పరీక్షకి గడియారం బొమ్మ గీయమంటుందట."

"నువ్వు గీస్తావులే."

"గీస్తానని నాకూ తెలుసు. తెలుసనే అనుకుంటున్నాను. అదే కదా బాధ!"

పడవ పోతే ఆవిడకేం మిగులుతుందో అక్కకి తెలుసు. పంటు పోయింది, ఆర్విడ్ పోయాడు. నీళ్ళ మీద ఉన్నప్పుడే బోర్గిల్ బోర్గిల్‌లా ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే బ్యాటరీని కారులో వేసుకుని ఐలెర్ట్ దుకాణానికి వెళ్ళింది. ఐలెర్ట్‌కి నలభై దాటాయి. చిన్నప్పుడు పంటు మీద టిక్కెట్టు లేకుండా దాక్కుని దొరికిపోయినవాడు. ఆ దీవిలో రాజుగారు వస్తే తప్ప ఎవరూ ఎవర్నీ 'మీరు' అనరు గనక, అతను కూడా ఆవిడని నువ్వనే అంటాడు.

"ఏం బోర్గిల్, మళ్ళీ దీన్ని ఎత్తుకొచ్చావు? బ్యాటరీలని పచ్చడి చేసుకుని తింటున్నావా?"

"ముందు పరీక్ష చెయ్యి, తర్వాత జోకులు వేద్దువుగాని."

అతను తీగలు తగిలించి, యంత్రం వంక చూస్తూ కాఫీ పోశాడు. చూసి చూసి తల అడ్డంగా ఊపాడు.

"దీనికేం జబ్బు లేదు. అడుగంటా పీల్చేశారు దీన్ని, అంతే. నీకింకో మాట చెప్పాలి, వసంతంలో మార్చి ఇచ్చానే, ఆ పాతది కంపెనీకి పంపాను. వాళ్ళూ ఇదే రాశారు. తయారీలో లోపం లేదు, రోజుల తరబడి దేన్నో నడుపుతూ వదిలేశారు అని. ఆసారికి వదిలేశారు గానీ, మళ్ళీ వారంటీ అంటే నా మెడ పట్టుకుంటారు."

"అడగను. ముందు కారణం తెలియనీ. ఏం పీలుస్తుంది దాన్ని?"

"లోతు చూపించే యంత్రం ఉంది కదా, దాని బటన్ ఆపుతావా?"

"ఎన్నడూ ఆపలేదు. మెయిన్ స్విచ్చి ఆపితే అదీ ఆగుతుంది. దాని మీద గుడ్డ కప్పే ఉంటుంది."

"అదే మరి. మెయిన్ ఆన్‌లో ఉంటే గుడ్డ కింద అది రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో బ్యాటరీ గోవిందా. నీళ్ళు తోడే పంపు సంగతేమిటి? అది కూడా మెయిన్ మీదేనా?"

"కాదు, అది సూటిగా బ్యాటరీకే. స్విచ్చి ఆపినా వాన నీళ్ళు నిండితే దానంతటదే తోడేస్తుంది. బతికుండగా ఒక ఈస్టర్ సెలవుల్లో ఆర్విడ్ వేశాడు ఆ తీగ. మోన్స్ దీపం పట్టుకుని, దాని మీదే చెయ్యి కాల్చుకున్నాడు. నేను వాళ్ళకి వాఫుల్స్, మేక చీజు తీసుకెళ్తే, తడి రంగు మీద కాలు వేశానని ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు." ఇంత చెప్పి ఆవిడ ఆగింది. అంతా గుర్తుంది! తడి రంగు ఆకుపచ్చ అని కూడా గుర్తుంది. "ఇవన్నీ గుర్తున్నదానికి నిన్నమొన్నటి స్విచ్చి గుర్తుండదా, ఐలెర్ట్?"

అప్పుడు చెప్పేసింది. మూడుసార్లూ పిడి ఆన్‌లోనే కనిపించిందని, వసంతంలో ఆ మాట దాచానని, తానైతే ఆపినట్టే గుర్తని.

ఐలెర్ట్ వేళాకోళం ఆపేశాడు. "పోనీలే బోర్గిల్, ఇలాంటివి అందరికీ అవుతుంటాయి," అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనం ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది. పంటు మీద ముసలివాళ్ళతో తాను మాట్లాడిన గొంతు అది.

"ఒక పని చెయ్యి," అన్నాడు అతనే. "ఆ ఎర్ర పిడి ఊడొస్తుంది కదా. దిగేటప్పుడు ఊడబీకి జేబులో వేసుకుపో. పీడా పోతుంది."

"బ్యాటరీ పీడా పోతుంది. నా పీడా? ఎవరు తిప్పారో నాకు తెలియకుండానే పోతుంది కదా! నేనో, దెయ్యమో, నాకు తెలియాలి."

ఐలెర్ట్ నవ్వాడు. ఈసారి మామూలుగానే నవ్వాడు. "సరే తల్లీ. అయితే చెప్పు, పోయినప్పుడల్లా ఏం జరిగింది? ఏదైనా ఒకేలా ఉందా?"

ఆ ప్రశ్న కోసమే తల కాచుక్కూచున్నట్టుంది. వసంతంలో పోయింది రోడ్డు కొట్టుకుపోయిన వానప్పుడు. వేసవిలో పోయింది మధ్యవేసవి పండక్కి రేవులో వేసిన మంట అంటుకోక, పిల్లలు ఏడ్చిన వారం. ఇప్పుడు పోయింది చర్చి నేలమాళిగలోకి నీళ్ళొచ్చాక. మధ్యలో జులై అంతా ఎండ కాసింది, పడవ గుర్రంలా తిరిగింది.

"వాన!" అన్నారిద్దరూ.

మామూలు వాన కాదు, మామూలు వానని అక్కడ వాన అనరు. రేడియోలో పసుపు హెచ్చరిక వచ్చే వాన. ఐలెర్ట్ గడ్డం గోక్కున్నాడు. తీగలు తడిసి ఉంటాయా? తీగలు తడిస్తే కరెంటు పోవచ్చు గానీ పిడి తిరగదు. "వానకి చేతులుండవు బోర్గిల్," అన్నాడు. "ఉండవు," అంది ఆవిడ. దుకాణంలోకి వచ్చినప్పటికీ ఇప్పటికీ ఆవిడ నడకే మారిపోయింది. భయం పోలేదు గానీ, దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. తెలుసుకోవాలన్న దురద.

ఐలెర్ట్ బ్యాటరీకి చార్జి ఎక్కించి ఇచ్చాడు. పడవలో పెట్టుకుని, పిడి ఆపి, దాని చుట్టూ తన గొర్రెల బూడిదరంగు ఉన్నిపోగు ఒకటి చుట్టి, పక్కనున్న మరమేకుకి కట్టింది. పంటుని రేవుకి కట్టేటప్పుడు వేసే ముడి. ఇప్పుడు ఎవరు పిడి తిప్పినా పోగు తెగాలి, లేదా ముడి విప్పాలి. అప్పుడు సిన్నోవెకి ఫోను చేసింది.

"వింటున్నావా? ఇప్పుడు ఆపాను. నువ్వు సాక్షి."

"ఫోన్లో నాకు స్విచ్చి ఎలా కనిపిస్తుందే?"

"నా మాట వినిపిస్తుంది కదా! రేపు నేను ఆపలేదంటే, ఆపానని చెప్పావని నువ్వు చెప్పు."

"దేవుడా! సరే, సాక్షినే. ఇంకా నయం, చర్చిలో ప్రమాణం చెయ్యమనలేదు."

వాన లేని రోజులు గడిచాయి. రోజూ వెళ్ళి మూత ఎత్తి చూస్తే పోగు పోగులాగే ఉంది. ఒక మధ్యాహ్నం మోన్స్ వచ్చి తలుపు దగ్గర ఒక సెయి చేపని పెట్టి వెళ్ళాడు. మోన్స్‌కి డెబ్భై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు, మాట్లాడటం కూడా పెద్దగా అలవాటు చేసుకోలేదు. అవునన్నా ఊపిరి లోపలికి పీల్చుకుంటూ అనేవాడు, ఆ ఊపిరి కూడా దండగే అన్నట్టు. సాయంత్రం మళ్ళీ వచ్చి ఇంకో సెయి చేప పెట్టాడు. ఇవ్వాళ చేపలు బాగా పడ్డట్టున్నాయనుకుని బోర్గిల్ రెండోదాన్ని ఫ్రీజరులో పడేసింది.

అతన్ని అడిగితే పోయేది కదా, నా పడవలోకి ఎవరైనా వెళ్ళడం చూశావా అని? అడగొచ్చు. కానీ ఆ రేవులో పడవలకి తాళాలుండవు, ఒకరి పడవలో ఒకరు కాలు పెట్టరు. అలా అడగడమంటే మనలో దొంగ ఉన్నాడనడమే. పైగా మోన్స్ ఏమంటాడు? ఐలెర్ట్‌లా మెత్తగా ఏదో అంటాడు. ఆ మెత్తని మాట ఇంకోసారి వినే ఓపిక ఆవిడకి లేదు.

బుధవారం పొద్దున రేడియోలో పసుపు హెచ్చరిక వచ్చింది. సాయంత్రానికి కుంభవృష్టి. మర్నాడే డాక్టరు దగ్గరికి పోవాలి. బోర్గిల్ ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, ఉన్ని కోటు మీద రెయిన్‌కోటు తొడుక్కుని, మధ్యాహ్నమే రేవు పక్కన పడవల పాకలోకి దూరింది. పలకల సందులోంచి తన పడవ బాగా కనిపిస్తుంది. వలల కుప్ప మీద కూర్చుంది. ఎవరూ రాకపోతే? రాకపోయినా, వాన వెలిశాక పిడి ఆన్‌లో ఉంటే? అప్పుడిక తెలుసుకోవడానికేం మిగలదు. దెయ్యం తన తలలోనే ఉన్నట్టు. ఎవరో ఒకరు రండర్రా, దొంగైనా సరే రండి అని మొక్కుకుంది పాపం.

మబ్బు కమ్మింది. అప్పుడు పసుపు రెయిన్‌కోటులో ఒక మనిషి నెమ్మదిగా రేవు మీదికి నడిచొచ్చాడు. ముందు తన పడవ తాళ్ళు సరిచూసుకున్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, జాగ్రత్తగా బోర్గిల్ పడవలోకి దిగాడు. మూత ఎత్తాడు. ఉన్నిపోగు చూసి ఒక్క క్షణం ఆగాడు. మొరటు వేళ్ళతో ఓపిగ్గా ముడి విప్పి, పోగు జేబులో పెట్టుకుని, పిడి తిప్పాడు.

"మోన్స్!"

అతను ఉలిక్కిపడలేదు. తల ఎత్తి చూసి, "ఆఁ, బోర్గిల్. వాన వస్తోంది," అన్నాడు.

"వస్తోంది, తెలుసు. నా పడవలో నీకేం పని?"

మోన్స్ తన బూట్ల వంక చూసుకున్నాడు. అంత పొడుగు మాట చెప్పడానికి అతనికి టైము పట్టింది. "పంపు. స్విచ్చి ఆపేసి పోతున్నావు నువ్వు. ప్రతిసారీ. వాన నీళ్ళు నిండితే పడవ మునిగిపోదూ? వసంతంలో చూశాను మొదట. అప్పట్నుంచి పెద్ద వాన అన్నప్పుడల్లా వచ్చి ఆన్ చేసి పోతున్నాను."

"నాకు చెప్పొచ్చు కదా!"

"ఏమని చెప్పను? మీ అమ్మ సంగతి తెలిసినవాణ్ణి. నీ మొహం మీద మర్చిపోతున్నావని ఎలా అనను? ఎవరికీ చెప్పలేదులే," అన్నాడు, అది తన ఘనతన్నట్టు. "ఓపికున్నన్నాళ్ళు నేనే చూసుకుందామనుకున్నాను."

బోర్గిల్‌కి ముందు ఒళ్ళు మండిపోయింది. "ఓరి నీ మంచితనం మండా! నా తల చెడిందని నేను ఏడుస్తున్నాను ఇక్కడ. బ్యాటరీని వంటింట్లో గుడ్డ కప్పి దాచుకున్నాను. రేపు డాక్టరు ముందు గడియారం గీయబోతున్నాను. పడవ ఇచ్చేద్దామనుకున్నాను, గొర్రెలు ఇచ్చేద్దామనుకున్నాను! నువ్వేమో ఎవరికీ చెప్పలేదట!" అరుస్తూ అరుస్తూనే నవ్వొచ్చేసింది. నవ్వుతో పాటు కళ్ళనీళ్ళొచ్చాయి. నా తల బాగానే ఉంది. నా చెయ్యి అబద్ధం చెప్పలేదు. రేవు మీద గెంతాలనిపించింది ఆవిడకి, ఈ వయసులో జారిపడితే బాగోదని ఊరుకుంది.

"చూడు, ఇటు చూడు," అంటూ పడవలోకి దూకి పిడి ఆపేసింది. బాల్చీతో సముద్రపు నీళ్ళు ముంచి పడవ అడుగున కుమ్మరించింది. ఒకటి, ఇంకొకటి. కాసేపటికి పంపు దగ్గి, గొణిగి, పక్కనుంచి నీళ్ళు బయటికి చిమ్మడం మొదలుపెట్టింది.

మోన్స్ నోరు తెరుచుకుని చూశాడు. "అరె! స్విచ్చి లేకుండానే. నా పడవలో ఇలా ఉండదే, స్విచ్చి ఆన్‌లో ఉంటేనే పంపు."

"ఆర్విడ్ సూటిగా బ్యాటరీకి కలిపాడు కదా."

"అలాగా? గట్టి పని చేశాడు. ఎప్పుడు కలిపాడు? నాకు చెప్పనే లేదు."

వేళాకోళం ఆడుతున్నాడనుకుని బోర్గిల్ నవ్వింది. మోన్స్ నవ్వలేదు. వంగి, ఆ తీగని వేలితో తడుముతూ, కొత్త వస్తువుని చూసినట్టు చూస్తున్నాడు. ఆ చేతి వేలి కణుపు మీద, అరిగిన నాణెం అంత తెల్లటి కాలిన మచ్చ.

"మోన్స్, ఆ మచ్చ ఎలా వచ్చింది నీకు?"

"ఇదా?" చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఏమో. ఎప్పటిదో."

బోర్గిల్ నవ్వు ఆగిపోయింది. రెండు చేపలు గుర్తొచ్చాయి, ఒకే రోజు రెండు చేపలు. కిందటి నెల కోళ్ళకి మేత ఎవరైనా వేశారా అని తనని అడిగాడు. మోన్స్‌కి కోళ్ళు లేక పదేళ్ళయింది. వేళాకోళమనుకుని, వేశానులే అంది అప్పుడు. ఆర్విడ్‌తో పాటు ఈ పడవ లోపల వేసిన ప్రతి తీగా తెలిసిన మనిషి, ఈ వసంతం నుంచే కదా పిడి తిప్పడం మొదలుపెట్టాడు! మరిచిపోయింది తను కాదు. మరిచిపోతున్న మనిషి ఎదురుగా నిలబడి, ఆవిడ పడవ మునిగిపోకూడదని వానలో తడుస్తున్నాడు.

వాన మొదలైంది. ఆవిడకి తెలిసిన మర్యాద ఒకటుంది. ఇప్పుడు తను చెయ్యాల్సిందల్లా, అవును మోన్స్, ఆర్విడ్ ఒక్కడే చేశాడు, నీకు చెప్పలేదు అనడం. రేపట్నుంచి అతని పొయ్యి ఆరిందో లేదో, తలుపు వేశాడో లేదో చాటుగా చూసుకుని, మాట్లాడకుండా ఇంటికి రావడం. ఊరంతా మెచ్చుకుంటుంది. పంటు మీద అన్నేళ్ళు ఆవిడ చేసింది అదే. కానీ ఆ మర్యాద రుచి ఏమిటో ఆర్నెల్లుగా ఆవిడకి తెలిసింది. వంటింట్లో గుడ్డ కింద దాచుకున్న బ్యాటరీ రుచి అది.

"మోన్స్," అంది, "ఆ తీగ వేసినప్పుడు దీపం పట్టుకుంది నువ్వే. ఆ మచ్చ ఆ దీపానిదే. నేను వాఫుల్స్ తెచ్చాను, తడి రంగు తొక్కానని నువ్వూ తిట్టావు. నీకు గుర్తు లేదు."

వాన అతని టోపీ అంచు మీంచి కారుతోంది. మచ్చని బొటనవేలితో రుద్దుకుంటూ ఊపిరి లోపలికి పీల్చుకుని, ఊఁ అన్నాడు.

"అనుమానం ఉంది నాకు," అన్నాడు. "కెటిల్లో నీళ్ళు పోయకుండా పొయ్యి మీద పెట్టాను రెండుసార్లు. దుకాణానికి పోయి ఎందుకొచ్చానో తెలియక తిరిగొచ్చేశాను. కానీ ఎవరూ ఏమీ అనలేదు కదా. అనలేదు కాబట్టి బాగానే ఉన్నాననుకున్నాను."

ఆ ఊళ్ళో ఎవరూ ఎవరినీ ముట్టుకోరు. అయినా బోర్గిల్ అతని తడి చెయ్యి పట్టుకుంది.

"రేపు డాక్టరు దగ్గర నాకు టైముంది. నాకిప్పుడు అక్కర్లేదు. నువ్వు రా. ఆ గడియారమేదో నువ్వే గీద్దువుగాని."

"గీయలేకపోతే?"

"గీయలేకపోతే గీయలేవు. డాక్టరు ఏమంటుందో వింటాం, ఇద్దరం. గొర్రెల్ని మాత్రం ఈ వాన వెలిసిన మర్నాడే తెస్తున్నాం. పడవ నేను నడుపుతాను, గొర్రెల్ని నువ్వు పట్టు. నీకు గుర్తుండనివి నేను గుర్తుపెట్టుకుంటాను. నాకు బోలెడంత చోటుంది," అంటూ తన తల మీద వేలితో తట్టింది.

మర్నాడు పొద్దున ఐలెర్ట్‌కి ఫోను చేసింది. "కంపెనీకి రాయి, వాళ్ళ బ్యాటరీ ఏ పాపం ఎరగదని. వసంతంలో తీసుకున్నదానికి నేనొచ్చి డబ్బు కడతాను."

"మరి ఎవరు తిప్పారు బోర్గిల్? దెయ్యమా?"

"దెయ్యం కాదు, పక్కింటివాడు. వచ్చాక చెప్తాను. ఈసారి అంతా చెప్తాను."

డాక్టరు దగ్గరికి వంతెన మీద కారులో పోతే పావుగంట. అయినా వాన తెరిపివ్వగానే పడవలోనే వెళ్ళారు. మోన్స్ శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు బల్ల మీద కూర్చున్నాడు. అవతలి రేవులో తాళ్ళు కట్టాక బోర్గిల్ మూత ఎత్తి ఎర్ర పిడి తిప్పింది.

"ఆపాను," అంది పైకే.

మోన్స్ వంగి చూశాడు. జేబులోంచి బూడిదరంగు ఉన్నిపోగు తీసి, తన మచ్చ ఉన్న వేలికి చుట్టుకుని ముడి వేసుకున్నాడు.

"చూశాను," అన్నాడు.